ఆకలి వేరు, తృష్ణ వేరు



కిందటి పాఠంలో ప్రతీత్య సముత్పాదం గురించి చదువుకున్నాం. కారణం లేకుండా ఏదీ పుట్టదనీ, కారణం తొలగిపోతే దాని ఫలితం కూడా తొలగిపోతుందనీ తెలుసుకున్నాం. ఆ సూత్రాన్ని ఈ పాఠంలో మనకి రోజూ ఎదురయ్యే ఒక మామూలు విషయానికి పెట్టి చూద్దాం. అదే ఆకలి.

ధమ్మ పాఠంలో ఆకలి సంగతి ఎందుకని కొందరు అడగొచ్చు. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, సిద్ధార్థుడు మధ్యమ మార్గం కనుక్కున్నది ఆకలితో ఎముకల గూడైపోయిన తర్వాతే. ఆకలి సంగతి అర్థం కాకపోతే ఆ మార్గం ఎందుకు పుట్టిందో మనకి పూర్తిగా అర్థం కాదు.

రెండోది మన సంగతి. తరతరాలుగా మనల్ని ఆకలితో మాడ్చారు. మళ్ళీ ఆ ఆకలినే చూపించి తిట్టారు. "ఎంత పెట్టినా చాలదురా వీళ్ళకి" అనే మాట మన తాతలు విన్నారు. హాస్టల్లో రెండోసారి అన్నానికి ప్లేటు పట్టుకొచ్చిన పిల్లవాడు ఇవాళ కూడా వింటున్నాడు. ఇంకోవైపు, నీ పేదరికం నీ పూర్వజన్మ పాపం అని చెప్పారు. పోయిన జన్మ కర్మ ఈ జన్మ బతుకుని నిర్ణయిస్తుందనే మాటని బాబాసాహెబ్ తన 'బుద్ధుడు-ఆయన ధమ్మం' గ్రంథంలో తోసిపుచ్చారు. కాబట్టి ఆకలి అసలు ఎక్కడ పుడుతుంది, ఎందుకు పుడుతుంది, ఎలా చల్లారుతుంది అనేది మనం కారణాలతో సహా తెలుసుకోవాలి. తెలిస్తే ఆ తిట్టులో నిజమెంతో మనకే తేలుతుంది.

1. ఆకలి ఎక్కడ పుడుతుంది?

ఆకలి ఎక్కడ అని అడిగితే అందరం పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తాం. వందేళ్ళ కిందట శాస్త్రవేత్తలు కూడా అలాగే అనుకున్నారు. 1912లో అమెరికాలో వాల్టర్ కానన్, ఆయన విద్యార్థి వాష్‌బర్న్ కలిసి ఒక ప్రయోగం చేశారు. వాష్‌బర్న్ ఒక రబ్బరు బెలూన్ మింగాడు. దానికి గొట్టం తగిలించి, లోపల కడుపు ముడుచుకున్నప్పుడల్లా బయట కాగితం మీద గీత పడేలా ఏర్పాటు చేసుకున్నారు. ఆకలేస్తోందని అతను చెప్పిన సమయమూ, కడుపు ముడుచుకున్న సమయమూ సరిపోయాయి. ఇంకేముంది, ఆకలంటే కడుపు ముడుచుకోవడమే అన్నారు.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. జబ్బు చేసి ఆపరేషన్‌లో జీర్ణాశయం మొత్తం తీసేసిన మనుషులకి కూడా ఆకలి వేస్తోంది. అంటే కడుపు ఒక్కటే కారణం కాదన్నమాట. మరి ఇంకేం ఉంది?

ఇంకోటి మెదడు. మన మెదడు అడుగు భాగాన, తల మధ్యలో లోతుగా, హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. బాదం గింజంత ఉంటుంది, బరువు సుమారు 4 గ్రాములు. ఒంటి వేడి, దాహం, నిద్ర, ఆకలి వంటి వాటి లెక్కలన్నీ చూసుకునేది ఇదే. దీంట్లో ఆకలికి సంబంధించి రెండు గుంపుల నాడీకణాలు ఉన్నాయి. ఒక గుంపుని ఏజీఆర్‌పీ కణాలంటారు, రెండో గుంపుని పీఓఎంసీ కణాలంటారు. ఈ పేర్లు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు. ఒకటి "తిను" అనే గుంపు, రెండోది "చాలు" అనే గుంపు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

ఈ రెండిటి బలం ఎంతో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. 2005లో పెద్ద ఎలుకల్లో "తిను" అనే కణాల్ని నాశనం చేసి చూశారు. ఎదురుగా తిండి ఉన్నా అవి తినడం మానేశాయి. 2011లో దీనికి తిరగేసి చేశారు. కడుపునిండా తిన్న ఎలుకల్లో అవే కణాల్ని వెలుగుతో తట్టి లేపారు. నిమిషాల్లోనే అవి రోజుల తరబడి తిండి లేనట్టు తినడం మొదలుపెట్టాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆ ఎలుక తిండిపోతు అవునా? కాదు. ఒక కారణం కలిగింది, ఒక ఫలితం వచ్చింది. "ఇది ఉంటే అది ఉంటుంది" అని మనం చదువుకున్న సూత్రం ఇక్కడ కళ్ళ ముందే కనబడుతోంది.

2. మెదడుకి కబురు ఎవరు తెస్తారు?

మెదడు తలలో ఉంది. తిండి పొట్టలో ఉంది. దాచుకున్న కొవ్వు నడుము దగ్గరా తొడల దగ్గరా ఉంది. మరి ఒంట్లో ఎంత ఉందో, ఎంత తక్కువైందో మెదడుకి ఎలా తెలుస్తుంది? రెండు దారులున్నాయి. ఒకటి నరాల దారి, రెండోది నెత్తురు దారి. నెత్తురులో కబుర్లు మోసే రసాయనాలనే హార్మోన్లు అంటాం.

గ్రెలిన్: ఇది ఆకలి కబురు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా దీన్ని కనుక్కున్నారు. ఎక్కువగా జీర్ణాశయంలోనే తయారవుతుంది. భోజనం వేళ దగ్గరపడే కొద్దీ నెత్తురులో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. రోజూ ఒకే వేళకి తినేవాళ్ళకి ఆ వేళకి ఠంచనుగా ఆకలి వేయడం వెనక ఇది కూడా ఒక కారణం. గ్రెలిన్ "తిను" అనే కణాల్ని లేపడమే కాదు, మెదడులో రుచీ ఇష్టమూ చూసుకునే భాగాల్ని కూడా కదిలిస్తుంది. తిండి ఇంకా ఇంపుగా అనిపించేలా చేస్తుంది. ఆకలి రుచెరగదని మన పెద్దోళ్ళు ఊరికే అనలేదు. బాగా ఆకలి మీద ఉంటే ఉప్పూ కారం కలిపిన గంజి కూడా అమృతంలా ఉంటుంది.

వేగస్ నాడి: ఇది మెదడు నుంచి గుండె, కడుపు, పేగుల దాకా సాగే పొడవాటి నరం. తింటున్నప్పుడు కడుపు గోడలు సాగుతాయి. "నిండుతోంది" అని ఈ నాడి పైకి చెబుతుంది.

సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై: ఇవి పేగులు పంపే "చాలు" కబుర్లు. తిన్నదాంట్లో కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగుకి చేరగానే సీసీకే విడుదలవుతుంది. జీఎల్‌పీ-1, పీవైవై పేగుల కింది భాగాల్లో ఎక్కువగా వస్తాయి. షుగర్‌కీ బరువు తగ్గడానికీ ఇప్పుడు పేపర్లలో పేరు వినబడుతున్న ఖరీదైన ఇంజెక్షన్లు చాలావరకు ఈ జీఎల్‌పీ-1 చేసే పనిని అనుకరించేవే.

ఇన్సులిన్: క్లోమ గ్రంథి నుంచి వస్తుంది. నెత్తురులో ఉన్న చక్కెరని కణాల్లోకి పంపుతుంది. మెదడుకి కూడా "తిండి అందింది" అని చెబుతుంది. ఇన్సులిన్ తక్కువైనా, సరిగ్గా పనిచేయకపోయినా నెత్తురులో చక్కెర నిండా ఉండి కూడా కణాలకి అందదు. అందుకే షుగర్ అదుపులో లేనివాళ్ళకి ఎంత తిన్నా ఆకలేస్తుంది. పొలంలో కాలవ నిండా నీళ్ళున్నా తూము తెరవకపోతే మడి ఎండినట్టే.

ఒక విషయం గమనించండి. పేగుల కబుర్లు మెదడుకి చేరి పనిచేయడానికి కొంత సమయం పడుతుంది. మామూలుగా 15-20 నిమిషాలంటారు. హడావిడిగా ఐదు నిమిషాల్లో ముగిస్తే, "చాలు" అనే కబురు చేరేలోపే అవసరానికి మించి తినేసి ఉంటాం.

3. కొవ్వు కూడా మాట్లాడుతుంది

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా ఈ పూటకి సంబంధించిన కబుర్లు. నెలల తరబడి ఒంట్లో నిల్వ ఎంతుందో చెప్పేది ఇంకొకటి ఉంది. దాని పేరు లెప్టిన్. మన ఒంట్లో కొవ్వు కణాలే దీన్ని తయారు చేస్తాయి. కొవ్వు ఎక్కువుంటే లెప్టిన్ ఎక్కువ, తక్కువుంటే తక్కువ. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీన్ని కనుక్కుంది.

1997లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి డాక్టర్లు ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు పిల్లల గురించి రాశారు. వాళ్ళది పాకిస్తాన్ నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబం. ఎనిమిదేళ్ళ పాప బరువు 86 కిలోలు. రెండేళ్ళ బాబు బరువు 29 కిలోలు. పుట్టినప్పుడు ఇద్దరూ మామూలు బరువే. ఎంత పెట్టినా ఇంకా ఇంకా అని ఏడ్చేవాళ్ళు. నెత్తురు పరీక్ష చేస్తే లెప్టిన్ దాదాపు లేదు. జన్యువులో చిన్న లోపం. ఒంట్లో అంత కొవ్వున్నా ఆ కబురు మెదడుకి చేరడంలేదు. మెదడు ఏమనుకుంటుంది? బిడ్డ మాడిపోతోంది, తినిపించాలి అనుకుంటుంది. తర్వాత ఆ పాపకి లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆకలి తగ్గింది, బరువు దిగింది, మిగతా పిల్లల్లాగే అయింది.

ఆ పాప గురించి "అదుపు లేదు, పెంపకం బాగాలేదు" అనేవాళ్ళందరి మాటా తప్పని తేలింది. ఇలాంటి లోపం చాలా అరుదు, ఊబకాయం ఉన్న అందరికీ ఇదే కారణం అని అనుకోకండి. చాలామంది లావుపాటి మనుషుల్లో లెప్టిన్ బాగానే ఉంటుంది, మెదడే దాన్ని సరిగ్గా వినిపించుకోదు. వాళ్ళకి లెప్టిన్ ఇచ్చినా పెద్దగా ఫలితం ఉండదు. అయినా ఇందులో మనకి నీతి ఉంది. కారణం తెలుసుకోకుండా మనిషిని తప్పు పట్టకూడదు.

4. ఉరువేలలో ఒకరు, మిన్నెసోటాలో 36 మంది

సిద్ధార్థుడు ఉరువేల దగ్గర కఠినమైన తపస్సు చేశాడు. తిండి తగ్గించీ తగ్గించీ, కడుపు మీద చెయ్యి వేస్తే వెన్నెముక తగిలే స్థితికి వచ్చాడని మజ్ఝిమ నికాయం చెబుతుంది. వెంట్రుకలు రాలిపోయాయి, లేచి నిలబడబోయి పడిపోయేవాడు. ఇంత చేసినా జ్ఞానం కలగలేదు. ఇంత బక్కచిక్కిన ఒంటితో ఆ ఏకాగ్రత రాదని ఆయనే తేల్చుకున్నాడు. అన్నం తిన్నాడు. సుజాత పాయసం తెచ్చి పెట్టిన కథ మనందరికీ తెలుసు. ఆయన తినడం చూసి, సిద్ధార్థుడు భోగాల్లో పడ్డాడని వెంట ఉన్న ఐదుగురూ వదిలేసి వెళ్ళారు. ఆకలి తీర్చుకోవడాన్ని భోగం అనుకోవడమే వాళ్ళ పొరపాటు.

ఇప్పుడు 1944కి రండి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. యుద్ధం ముగిశాక ఆకలితో నీరసించిన జనానికి ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవాలని అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. 36 మంది యువకులు తమంతట తాముగా ముందుకొచ్చారు. తుపాకీ పట్టం, మనిషిని చంపం అని యుద్ధంలో చేరడానికి నిరాకరించినవాళ్ళు వాళ్ళు. 24 వారాల పాటు వాళ్ళకి రోజుకి సుమారు 1570 కేలరీల తిండే పెట్టారు, అంటే అంతకుముందు తినేదాంట్లో దాదాపు సగం. రొట్టె, బంగాళాదుంప, క్యాబేజీ లాంటివి. నడక, పని మామూలే.

వాళ్ళ బరువు నాలుగో వంతు దాకా పడిపోయింది. ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంది. గుండె నెమ్మదించింది, ఎప్పుడూ చలి వేసేది. ఒంటికంటే మనసుకి జరిగింది ఇంకా పెద్దది. చదువు మీద ధ్యాస పోయింది. నవ్వులు పోయాయి, చిన్నదానికే చిరాకు. కలలో తిండి, మాటల్లో తిండి. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. ప్లేట్లు నాకేవాళ్ళు. ఆదర్శాల కోసం జైలుకైనా సిద్ధపడ్డ మనుషులు వాళ్ళు! ప్రయోగం అయ్యాక మళ్ళీ బాగా తిండి పెట్టినప్పుడు, కడుపు నిండిన తర్వాత కూడా చాలా రోజుల దాకా వాళ్ళకి ఆకలి తీరలేదు.

ఎందుకో ఇప్పుడు మనకి తెలుసు. కొవ్వు కరిగితే లెప్టిన్ పడిపోతుంది, గ్రెలిన్ పెరుగుతుంది. మెదడు మిగతా పనులన్నీ పక్కనపెట్టి తిండి మీదే కూర్చుంటుంది. 2011లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో, కఠినంగా తిండి తగ్గించి బరువు దిగినవాళ్ళని ఏడాది తర్వాత పరీక్షించారు. అప్పటికి కూడా వాళ్ళ ఆకలి హార్మోన్లు మామూలు స్థితికి రాలేదు.

హాస్టల్లో రెండోసారి ప్లేటు పట్టుకొచ్చిన పిల్లవాణ్ణి మళ్ళీ ఒకసారి చూడండి. ఎదిగే వయసు. ఇంటి దగ్గర అరకొర తిండి. వాడి ఒళ్ళు పాత బాకీ వసూలు చేసుకుంటోంది. వాణ్ణి వెటకారం చేసేవాడికి ఈ లెక్క తెలియాలి. వాడికి వడ్డించే చేతికి ఇంకా బాగా తెలియాలి.

5. ముందు అన్నం, తర్వాత ధమ్మం

ధమ్మపద అట్ఠకథలో అళవి అనే ఊరి కథ ఉంది. బుద్ధుడు ఆ ఊరికి వచ్చాడని తెలిసి ఒక పేద రైతు ఆయన మాట వినాలనుకున్నాడు. సరిగ్గా ఆ పొద్దునే అతని ఎద్దు తప్పిపోయింది. అంతా వెతికి, దాన్ని పట్టుకుని, ఏమీ తినకుండానే పరుగున వచ్చాడు. జనమంతా కూర్చుని ఉన్నారు. బుద్ధుడు మాట మొదలుపెట్టకుండా ఆ రైతు కోసమే ఆగాడు. రాగానే, మిగిలిన అన్నం ఉంటే ముందు ఇతనికి పెట్టండి అన్నాడు. తిన్నాక, మనసు కుదుటపడ్డాక ధమ్మం చెప్పాడు. ఒక మనిషి తిండి గురించి ఇంత పట్టింపు ఏంటని భిక్షువులు గుసగుసలాడితే, ఆకలిని మించిన జబ్బు లేదని, ఆకలితో ఉన్నవాడికి ధమ్మం ఎక్కదని వాళ్ళకి వివరించాడు. ధమ్మపదంలో 203వ గాథ ఈ సందర్భంలోదే.

బుద్ధుడికి గ్రెలిన్ తెలుసు, లెప్టిన్ తెలుసు అని మనం చెప్పుకోవద్దు. పురాణాల్లోనే విమానాలు ఉన్నాయని గొప్పలు చెప్పుకునేవాళ్ళ దారి మనకొద్దు. ఆయన చేసింది వేరే. తన ఒంటి మీద తానే పరీక్ష చేసుకున్నాడు, ఎదుటి మనిషిని జాగ్రత్తగా గమనించాడు, చూసినదాన్ని ఒప్పుకున్నాడు. వచ్చి చూడు అన్నాడు. రెండున్నర వేల ఏళ్ళ తర్వాత కొలతలతో చూసినవాళ్ళకి కూడా అదే కనబడింది.

బడిలో మధ్యాహ్న భోజనం ఎందుకంటే ఇందుకే. పిల్లలకి వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో మళ్ళీ చెప్పింది. మీ ఊరి బడిలో అన్నం సరిగ్గా పెడుతున్నారా, మనవాళ్ళు వండితే తినమనే గొడవ ఏమైనా ఉందా, అందరూ ఒకే వరసలో కూర్చుంటున్నారా అని వెళ్ళి చూడటం కూడా ధమ్మ కార్యమే. దీక్షలో మనం చేసిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో పిండాలు పెట్టం అనేది ఒకటి. చనిపోయినవాళ్ళకి పెట్టే ముద్ద మానేశాం సరే. బతికున్నవాళ్ళకి ముద్ద అందుతోందా లేదా చూడాల్సిన బాధ్యత మన మీద ఉంది.

6. ఆకలి వేదన, తృష్ణ వేరే

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. స్పర్శ వల్ల వేదన, వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల ఉపాదానం అని చదువుకున్నాం. ఆకలి వేదన. అది ఒంటి అవసరం, దాంట్లో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. తృష్ణ దాని మీద లేచే ఇంకో అల.

మెదడులో కూడా ఈ రెండింటి దారులు పూర్తిగా ఒకటి కావు. అవసరం లెక్క చూసేది ముఖ్యంగా హైపోథాలమస్. ఇష్టం, కోరిక, మళ్ళీ కావాలనే ఆరాటం చూసేది డోపమైన్ అనే రసాయనంతో నడిచే ఇంకో మార్గం. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. కడుపునిండా భోంచేసి వస్తూ ఉంటాం, బస్టాండ్ దగ్గర మిరపకాయ బజ్జీల వాసన తగులుతుంది. కడుపు "చాలు" అంటోంది, చెయ్యి జేబులోకి పోతోంది. ఇది ఆకలి కాదు.

గుర్తుపట్టడం ఎలా? ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏ తిండైనా సరే అంటుంది, తింటే చల్లారుతుంది. తృష్ణ ఉన్నట్టుండి లేస్తుంది, ఫలానాదే కావాలంటుంది, తిన్నాక కూడా ఇంకా అంటుంది. దిగులుగా ఉన్నప్పుడు, ఏమీ తోచనప్పుడు, సెల్‌ఫోన్ చూస్తూ కూర్చున్నప్పుడు లేచేది చాలాసార్లు రెండోదే.

మన తృష్ణ మీద వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారని కూడా తెలుసుకోవాలి. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ దగ్గరే ఉంచుకుని పరీక్ష చేసింది. రెండు వారాలు ఫ్యాక్టరీల్లో తయారైన ప్యాకెట్ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి. ఎవరికి కావాల్సినంత వాళ్ళు తినొచ్చు. ప్యాకెట్ తిండి రోజుల్లో ఒక్కొక్కరు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. మనుషులు వాళ్ళే, తిండి మారింది. ఇవాళ మన వాడల్లో ప్రతి చిన్న కొట్టు ముందూ ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. గుడ్డుకంటే అవి తేలిగ్గా దొరుకుతున్నాయి. పిల్లవాణ్ణి తిట్టేముందు ఆ కొట్టు కూడా ఒక కారణమని గుర్తుంచుకోండి.

7. పసేనది రాజు నేర్చుకున్నది

తృష్ణని ఎలా దారిలో పెట్టాలి? పస్తులుండి కాదు. సంయుత్త నికాయంలో కోసల రాజు పసేనది కథ చూడండి. ఆయన ద్రోణమంత అన్నం తినేవాడు. అలా తిని ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు ఆయన్ని తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు. ఎరుకతో, మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని ఒక చిన్న గాథ చెప్పాడు. పక్కనే ఉన్న సుదస్సనుడనే కుర్రవాణ్ణి రాజు ఆ గాథ నేర్చుకోమని, తను భోంచేసేటప్పుడల్లా చదవమని పురమాయించాడు. దానికి రోజుకి వంద కహాపణాలు ఇస్తానన్నాడు. మెల్లమెల్లగా రాజు భోజనం తగ్గింది, ఒళ్ళు తేలికపడింది, సంతోషించాడు.

ఈ పద్ధతిలో మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఒక్కసారిగా కాకుండా క్రమంగా తగ్గించాడు. ఒక్కసారిగా తగ్గిస్తే మెదడు దాన్ని కరువు అనుకుని తిరగబడుతుందని పైన చూశాం. రెండు, తింటున్నప్పుడే గుర్తుచేశారు, తిన్నాక తిట్టలేదు. మూడు, రాజుని అవమానించలేదు. థేరగాథల్లో సారిపుత్తుడి సలహా కూడా ఒకటి ఉంది, ఇంకా నాలుగైదు ముద్దలకి చోటు ఉండగానే ఆపి నీళ్ళు తాగమని. పేగుల కబురు ఆలస్యంగా చేరుతుందని తెలిసిన మనకి ఈ సలహా విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

8. మన ఇళ్ళలో ఏం చెయ్యాలి?

ఆడవాళ్ళు ఆఖరున తినే ఆచారం మానాలి. అందరికీ పెట్టి, గిన్నెలో అడుగున మిగిలింది తినే తల్లి ఆకలి కూడా ఆకలే. గర్భవతి అయితే ఆ లెక్క బిడ్డ దాకా పోతుంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో ఉన్న పిల్లలు పెద్దయ్యాక, నెత్తురులో చక్కెరని అదుపు చేసుకునే శక్తి వాళ్ళకి తక్కువగా ఉన్నట్టు తేలింది. మన దేశంలో పుణె దగ్గర పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పరిశోధించింది. అక్కడి పిల్లల సగటు పుట్టుక బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు. అంత సన్నగా పుట్టినా మనవాళ్ళ ఒంట్లో కండ తక్కువ, దానితో పోలిస్తే కొవ్వు ఎక్కువ. సన్నగా ఉన్న కూలీ మనిషికి కూడా షుగర్ రావడం వెనక తల్లుల ఆకలి కూడా ఒక కారణం కావచ్చు. బాబాసాహెబ్ అంతటివారు షుగర్‌తో ఎంతో బాధపడ్డారు. ఇది విలాసాల జబ్బని ఎవరైనా అంటే నమ్మకండి.

పచ్చి బియ్యం, మట్టి, బలపాలు తినే ఆడపిల్లని తిట్టకండి. బియ్యం బుక్కితే పెళ్ళిలో వాన పడుతుందని నవ్వుకుని ఊరుకోకండి. చాలాసార్లు ఒంట్లో ఇనుము తక్కువైనప్పుడు ఇలాంటి కోరిక పుడుతుంది. ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి నెత్తురు పరీక్ష చేయించండి.

బీడీ, ఖైనీ, గుట్కాతో ఆకలి చంపుకోకండి. నికోటిన్ మెదడులో "చాలు" అనే కణాల్ని లేపుతుంది. ఆకలి చచ్చినట్టు ఉంటుంది గానీ ఒంటికి చేరింది ఏమీ లేదు. కూలీ పనికి పోయేవాళ్ళు పొద్దున గ్లాసు అంబలో, నాలుగు ముద్దలో తిని బయల్దేరాలి.

నిద్ర పోగొట్టుకోకండి. 2004లో షికాగోలో 12 మంది యువకులని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. పదేసి గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. సెల్ చూస్తూ అర్ధరాత్రి దాకా మేలుకునే మన పిల్లలకి ఈ లెక్క చెప్పండి.

పళ్ళెంలో అన్నం ఒక్కటే కాకుండా పప్పు, గుడ్డు, చేప, మాంసం, ఆకుకూర, ఏది అందుబాటులో ఉంటే అది పెంచండి. మాంసకృత్తులు, పీచు ఉన్న తిండి "చాలు" అనే కబురుని బాగా పంపుతుంది. మనం తినే తిండిని ఎవరో నీచమన్నారని సిగ్గుపడాల్సిన పని లేదు.

ఉపోసథం రోజున అష్టశీలాలు పాటించి మధ్యాహ్నం తర్వాత తినని ఉపాసకులు ఉన్నారు. మంచిదే. కానీ షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, గర్భవతులు, పాలిచ్చే తల్లులు, ముసలివాళ్ళు డాక్టర్ని అడగకుండా అలా చెయ్యొద్దు. మందు వేసుకుని తిండి మానేస్తే నెత్తురులో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, ఒక్కసారిగా ఆకలి, కళ్ళు తిరగడం దాని గుర్తులు. వెంటనే పంచదార గానీ బెల్లం గానీ పెట్టాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రోగులకి భోజనం విషయంలో వినయం కూడా సడలింపు ఇస్తుంది. ఒంటిని హింసించుకోవడం శీలం కాదు.

గుర్తుంచుకోవలసినవి

ఆకలి మన గుణమూ కాదు, పాపమూ కాదు, పూర్వజన్మ కర్మా కాదు. కడుపు, పేగులు, క్లోమం, కొవ్వు, మెదడు కలిసి నడిపే వ్యవహారం. కారణాలతో పుడుతుంది, కారణాలు తీరితే చల్లారుతుంది.

ఆకలికి మందు అన్నం. తృష్ణకి మందు ఎరుక. అన్నం పెట్టాల్సిన చోట ఉపదేశం పెట్టకూడదు, ఎరుక కావాల్సిన చోట ఇంకో ప్లేటు పెట్టకూడదు.

కారణాల్లో కొన్ని ఒంట్లో ఉన్నాయి, కొన్ని ఊళ్ళో ఉన్నాయి. ఒంట్లో వాటిని మనమే చూసుకోవాలి. ఊళ్ళో వాటి కోసం కలిసి పనిచెయ్యాలి.

చర్చకు ప్రశ్నలు

1. ఈ వారంలో మీకు లేచిన కోరికల్లో ఆకలి ఎన్నిసార్లు, తృష్ణ ఎన్నిసార్లు?

2. మీ ఇంట్లో అందరికంటే ఆఖరున ఎవరు తింటారు? ఎందుకు? దాన్ని మార్చడానికి రేపటి నుంచి ఏం చేస్తారు?

3. పసేనదికి బుద్ధుడు చెప్పిన పద్ధతికీ, మన పిల్లలతో మనం మాట్లాడే పద్ధతికీ తేడా ఏంటి?

4. మీ ఊరి బడి, అంగన్‌వాడీ, హాస్టల్లో పెట్టే భోజనాన్ని విహార కమిటీ తరఫున ఎప్పుడు వెళ్ళి చూస్తారు?

ఈ వారం ఆచరణ: రోజుకి ఒక్క పూటైనా టీవీ, సెల్ పక్కనపెట్టి, ఇంట్లో ఆడా మగా అందరూ కలిసి కూర్చుని, నెమ్మదిగా తినండి. మొదటి ముద్ద తీసుకునే ముందు ఒక్క శ్వాస ఆగి, ఇది ఆకలా, తృష్ణా అని చూసుకోండి. వచ్చే ఆదివారం విహారంలో మీరు గమనించింది అందరితో పంచుకోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.